బైపాస్ అయ్యాక పదకొండింటికి తీపి యావ: ఆకలా, షుగర్ పడిపోవడమా?

గాజువాక 81:
బరువు తగ్గడానికి పొట్టకు చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయి 14 నెలలు. బరువు 118 కిలోల నుంచి 81కి వచ్చి రెండు నెలలుగా అక్కడే ఆగింది. మొదటి ఆరేడు నెలలు తీపి వాసనే పడలేదు. ఇప్పుడు మూడు రకాల ఇబ్బంది.

ఒకటి, రోజూ ఉదయం 11, 11:30 మధ్య తీపి కోసం ప్రాణం లాగేస్తుంది. చేతులు సన్నగా వణుకుతాయి, చెమట పడుతుంది, తీపి ఏదైనా నోట్లో వేసుకుంటే సర్దుకుంటుంది. రెండు, రాత్రి పది దాటాక ఇంకో రకం యావ. వణుకు ఉండదు, ఊరికే వంటింట్లో డబ్బాలు వెతకాలనిపిస్తుంది. మూడు, పోయిన వారం మాడుగుల హల్వా చిన్న ముక్క తింటే 20 నిమిషాల్లో గుండె దడ, కడుపునొప్పి, విరేచనం.

రోజూ తినేది: 8:45కి మూడు ఇడ్లీ, చట్నీ, గ్లాసు బత్తాయి రసం. 1:30కి కప్పు అన్నం, పప్పు లేదా చేపల పులుసు, పెరుగు. సాయంత్రం నాలుగు బిస్కెట్లు. రాత్రి రెండు చపాతీలు, కూర. టీ నాలుగుసార్లు, ఒక్కోదానికి చెంచా పంచదార. ఈ మూడూ ఒకటేనా? పంచదార మానేసి బెల్లానికో, షుగర్ ఫ్రీ స్వీట్లకో మారితే సరిపోతుందా?

కంచరపాలెం పథ్యం:
మూడూ వేరండి. మూడింటికీ ఒకే ఉపాయం వాడితే ఏదీ తగ్గదు.

హల్వా తిన్నాక వచ్చింది తొలి డంపింగ్, అంటే తిండి ఒక్కసారిగా పేగులోకి జారిపడటం వల్ల వచ్చే బాధ. బైపాస్‌లో జీర్ణాశయం నుంచి మిగిల్చే సంచి సుమారు 30 మి.లీ., అందులోంచి తిండి నేరుగా చిన్నపేగులో పడుతుంది. మామూలు జీర్ణాశయానికి కింద ఒక కవాటం ఉండి తిండిని కొంచెం కొంచెంగా వదులుతుంది. మీకు ఆ కవాటం దారిలో లేదు. గోధుమపాలు, పంచదార, నెయ్యితో చేసిన హల్వా నమలక్కర్లేకుండా జారిపోతుంది కనుక చక్కెరంతా ఒక్కసారే పేగులోకి చేరుతుంది, దాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వెళ్తుంది. దడ, మెలిపెట్టే నొప్పి, విరేచనం అన్నీ అందువల్లే. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో మొదలవుతుంది, అరగంట పడుకుంటే చాలావరకు తగ్గుతుంది. జీర్ణాశయాన్ని గొట్టంలా సన్నగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో కవాటం అలాగే ఉంటుంది. అయినా సంచి తొందరగా ఖాళీ అవుతుంది కనుక స్లీవ్ వాళ్లకూ రావచ్చు, కాకపోతే బైపాస్ వాళ్లకే ఎక్కువ.

నాకు ఎక్కువ కంగారు పుట్టిస్తున్నది మీ పదకొండింటి వణుకు. తిన్న 1 నుంచి 3 గంటల మధ్య వచ్చేది ఆలస్యపు డంపింగ్, అంటే షుగర్ డౌన్ అవ్వడం. మీ టిఫిన్ చూడండి. మూడు ఇడ్లీల్లో 25 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం, బత్తాయి రసంలో ఇంకో 15 నుంచి 20, టీలో 5. మొత్తం 50 గ్రాముల దాకా వెళ్తోంది, ప్రోటీన్ చూస్తే పది గ్రాములు కూడా లేదు. ఇదంతా వేగంగా రక్తంలోకి ఎక్కేసరికి ఒళ్లు అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. రెండు గంటలకల్లా షుగర్ కిందికి దిగిపోయి ఒళ్లు తీపి అడుగుతుంది. మీరు తీపి వేసుకుంటారు, అది మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ పడుతుంది. ఈ బాధ సాధారణంగా ఆపరేషన్ అయిన ఏడాది తర్వాతే బయటపడుతుంది, మీ 14 నెలలు ఆ లెక్కలోకే వస్తాయి.

ఊహించుకుంటూ కూర్చోకుండా కొలవండి. వణుకు మొదలవగానే చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. వేళ్లకు పండు రసం అంటి ఉంటే గ్లూకోమీటర్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. వేలి కొసన గుచ్చకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. 70 కంటే తక్కువ వస్తే షుగర్ పడినట్టే. 54 కంటే తక్కువ వస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మాట తడబడినా, కళ్లు తిరిగి పడిపోయినా ఫోన్లతో ఆగకుండా ఆసుపత్రికే వెళ్లాలి. వణుకు ఉండగా బండి తీయొద్దు. గాజువాక నుంచి హైవే ఎక్కాలంటే మరీ ముఖ్యం.

70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే మూడు చెంచాలు, 100 మి.లీ. నీళ్లలో కలిపి మెల్లగా తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ కొలవండి. 70 దాటాక ఒక ఉడికించిన గుడ్డో, 30 గ్రాముల పనీరో తినాలి. చాలామంది ఈ రెండో మెట్టు వదిలేస్తారు, అందుకే గంటకు మళ్లీ వణుకు. గ్లాసుడు రసమో, లడ్డూయో ఈ సమయంలో తింటే మీ ఇన్సులిన్‌ని మళ్లీ రెచ్చగొట్టినట్టే.

ఒక ప్రశ్న: ఆపరేషన్‌కి ముందు మీకు మధుమేహం ఉండేదా? మాత్రలేమైనా ఇంకా వేసుకుంటున్నారా?

లాసన్స్ బే:
పై మాటకు తిండి లెక్క కలుపుతాను. బైపాస్ అయినవాళ్లకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీ జాబితాలో 40 దాటేలా లేదు. రాత్రి డబ్బాలు వెతికించేది ఈ లోటే కావచ్చు.

టిఫిన్‌కి ఉప్మా లేని పెసరట్టు ఒకటి, ఉడికించిన గుడ్డు ఒకటి. గుడ్డు ముందు, అట్టు తర్వాత. పెసరట్టు పడకపోతే ఇడ్లీ ఒకటే, దాంతో రెండు గుడ్లు. పూటకు పిండిపదార్థం 30 గ్రాములు దాటనీయకండి. రసం పూర్తిగా ఆపండి, బత్తాయి కావాలంటే తొనలు నమిలి తినండి, అదీ భోజనం చివర్లో. 10:45కి, అంటే వణుకు రాకముందే, 30 గ్రాముల పనీరు లేదా ఇంకో గుడ్డు. యావ వచ్చాక దానితో కుస్తీ పట్టడం కంటే పావుగంట ముందు ఎదురెళ్లడం తేలిక.

మధ్యాహ్నం పులుసులో చేప ముక్కలు ముందు తినేయండి. వంజరం 80 గ్రాములు తింటే సుమారు 16 గ్రాముల ప్రోటీన్ వచ్చినట్టే. తర్వాతే అన్నం, అదీ సగం కప్పు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ప్రోటీన్ కోసం పొడి డబ్బాల మీదే ఆధారపడనక్కర్లేదు. బిస్కెట్ల చోట పిడికెడు ఉడికించిన వేరుశెనగలు లేదా వేయించిన సెనగలు. రాత్రి చపాతీ ఒకటి తగ్గించి ఆ చోట మీల్ మేకర్ కూరో, గుడ్డో పెట్టండి. తింటూ నీళ్లు తాగకండి, తిన్నాక అరగంట ఆగండి. మిగతా సమయంలో గుక్క గుక్కగా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. మన ఊరి ఉక్కకు చెమట ఎంత పోతుందో తెలియదు, దాహం వేయకముందే తాగుతూ ఉండండి.

టీ పంచదార ఒక్కరోజులో మానొద్దు, మానితే నాలుగో రోజుకి మళ్లీ రెండు చెంచాలవుతుంది. వారానికి పావు చెంచా తగ్గించండి. నెలకి సున్నాకి వస్తారు, నాలుక కూడా అలవాటు పడుతుంది.

రాత్రి పూట తీపే కావాలనిపిస్తే గుడ్డు జున్ను చేసి ఉంచుకోండి. కాచి పూర్తిగా చల్లార్చిన వెన్న తీసిన పాలు 150 మి.లీ., గుడ్లు 2, యాలకులు 2, పావు చెంచా మిరియాల పొడి, రుచికి సుక్రలోజ్. ఆస్పర్టేమ్ వేడికి తీపి పోగొట్టుకుంటుంది, అది వద్దు. నురగ రాకుండా కలిపి, వడకట్టి, మూడు చిన్న స్టీలు గిన్నెల్లో పోయండి. పైన మూత పెట్టండి, లేకపోతే ఆవిరి నీళ్లు పడి పైపొర పాడవుతుంది. ఇడ్లీ పాత్రలో చిన్న మంట మీద 12 నుంచి 15 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. మంట పెద్దదైతే లోపల చిల్లులు పడి నీరు విడిపోతుంది. పాలు వేడిగా ఉండగా గుడ్డు కలిపితే అక్కడే ముక్కలు కడుతుంది. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే అచ్చం జున్నులా కోతకొస్తుంది. గిన్నెకి 5 గ్రాములకు పైనే ప్రోటీన్.

రాత్రి పూట యావ ఆపలేక, దాచిపెట్టుకుని, కడుపు నొప్పి వచ్చేదాకా తినే స్థితికి వస్తే అది తిండి లెక్కతో తీరదు. మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సింహాచలం రోడ్:
బెల్లం సంగతి. పక్కనే అనకాపల్లి మార్కెట్ ఉండటంతో మన దగ్గర ఈ నమ్మకం మరీ గట్టిది. 100 గ్రాముల బెల్లంలో 80 గ్రాములకు పైగా చక్కెరే. తాటిబెల్లమైనా, తేనె అయినా పేగులో పడ్డాక చేసే పని అదే.

షుగర్ ఫ్రీ స్వీట్ల డబ్బా వెనక చదవండి. మాల్టిటాల్, సార్బిటాల్ అని ఉంటే రెండు ముక్కలకే గ్యాసు, విరేచనాలు. అది డంపింగ్ అనుకుని కంగారుపడేవాళ్లున్నారు. పైగా కోవా, జీడిపప్పు, నెయ్యి మామూలు స్వీట్‌లో ఉన్నంతే ఉంటాయి, బరువు తగ్గదు. పంచదార బదులు టీలో వేసుకునే తీపి బిళ్లల మీద కూడా జీవితాంతం ఆధారపడొద్దు. బరువు అదుపు కోసం చక్కెరలేని తీపి పదార్థాలు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే సూచించింది.

వేసవిలో మాత్రం మనకొక మంచి దారి ఉంది, తాటి ముంజలు. లేతవి రెండు, పైన వగరు తొక్క పూర్తిగా తీసేసి, నమిలి తినండి. తీపి తగులుతుంది, పండు రసమంత చక్కెర ఉండదు. మామిడిలో రసాలు వద్దు, పీల్చేస్తాం కనుక అది రసం తాగినట్టే. బంగినపల్లి అయితే భోజనం చివర రెండు ముక్కలు.

పండగలకీ పెళ్లిళ్లకీ పూర్తిగా దూరంగా ఉండమని నేను చెప్పను. అన్నవరం ప్రసాదం వస్తే గోరంత కళ్లకద్దుకుని నోట్లో వేసుకోండి, భోజనమయ్యాక. పూతరేకు కాగితంలా తేలిగ్గా ఉంటుంది గానీ మడతల్లో ఉండేది పంచదార, నెయ్యే. అరిసె జిగురు, సరిగా నమలకపోతే సంచి మూతి దగ్గర అడ్డుపడుతుంది. ఏదైనా 10 గ్రాముల ముక్క, ఖాళీ కడుపున కాకుండా, ఒక్కసారే.

కంచరపాలెం పథ్యం:
సింహాచలం రోడ్ గారూ, మిగతాదంతా సరే, ఆ 10 గ్రాముల మాట ఈయన విషయంలో ఇప్పుడే వద్దు. షుగర్ పడటం ఆగి, నాలుగైదు వారాలు కొలతలు నిలకడగా ఉన్నాకే. ఆపరేషన్ అయి ఆరు నెలలు నిండనివాళ్లకీ వద్దు.

గాజువాక 81:
అందరికీ ధన్యవాదాలండి. మొన్న 11:10కి 58, నిన్న 11:05కి 64. ఆపరేషన్‌కి ముందు ఏడేళ్లు మధుమేహం. గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. టిఫిన్‌కి ముందు ఇంకా వేసుకుంటున్నాను, ఎవరూ ఆపమనలేదు. అది కాక మల్టీవిటమిన్, కాల్షియం మాత్రలు.

మధురవాడ ఫార్మసీ:
ఇవాళే మీ సర్జన్‌కో, మధుమేహం చూసే డాక్టర్‌కో ఫోన్ చేయండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ని బయటకు తోసే మాత్ర. 118 కిలోలప్పుడు, ఆ తిండి మీద రాసిన మోతాదు అది. ఇప్పుడు తిండి పావు వంతు, బరువు 37 కిలోలు తక్కువ, పైగా బైపాస్ వల్ల ఇన్సులిన్ దానంతటదే పొంగుతోంది. మీ పదకొండింటి యావలో ఈ మాత్ర వాటా ఎంతో వాళ్లే తేల్చాలి. రేపు ఉదయం వేసుకోవాలా వద్దా అని సూటిగా అడగండి. 58 అనే అంకె ముందు చెప్పండి, తీపి తినాలనిపిస్తోంది అని మొదలుపెడితే ఫోన్‌లో సంగతి తేలిగ్గా తీసుకుంటారు.

మాత్ర ఆపాక కూడా షుగర్ పడుతూనే ఉంటే, తిండి మార్పుతో తగ్గకపోతే, డాక్టర్ అకార్బోస్ రాయవచ్చు. అది పిండిని మెల్లగా అరిగేలా చేస్తుంది. అది వాడేవాళ్లకి షుగర్ పడితే పంచదార నీళ్లు వేగంగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచండి.

గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్షకి ఒప్పుకోకండి, బైపాస్ అయినవాళ్లకి అదే డంపింగ్ తెప్పిస్తుంది. గర్భిణులకి ఈ పరీక్ష మామూలుగా రాసేస్తారు, బైపాస్ అయిందని ముందే చెబితే ఆ బదులు వారం రోజులు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూస్తారు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు రోజులది రాసుకెళ్లండి: తిన్న టైము, ఏం తిన్నారు, ఎంత, వణుకు వచ్చిన టైము, అప్పటి అంకె, గ్లూకోజ్ తాగాక 15 నిమిషాలకి అంకె. వేసుకుంటున్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్లండి, పేర్లు నోటితో చెప్పడం కంటే అది నయం. బీ12, ఐరన్ పరీక్షలు ఎప్పుడు చేయించారో కూడా అడుగుతారు. మీరు చెప్పిన మాత్రల్లో మల్టీవిటమిన్, కాల్షియమే ఉన్నాయి. ఐరన్ రాస్తే కాల్షియానికీ దానికీ రెండు గంటలు ఎడం, టీకి కూడా దూరంగా.