పాత నోకియా ఎన్900ను గ్రంథాలయంలో వెబ్ సర్వర్‌గా నడపడం ఎలా?

బీరువా తాళం:
మాది ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయం. సాయంత్రమైతే డీఎస్సీకి, గ్రూప్-2కు చదివే పిల్లలతో బల్లలన్నీ నిండిపోతాయి. పాతకాలపు గోడలు, లోపలికి ఫోను సిగ్నల్ రాదు. ఒక్క ప్రశ్నపత్రం దించుకోవడానికి వరండాలోకి వెళ్లి ఫోను పైకెత్తి నిలబడుతున్నారు. వాళ్ల అవస్థ చూడలేక పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు, కొన్ని ఆడియో పాఠాలు పోగుచేశాను. ఇంటర్నెట్ లేని వై-ఫై రూటర్ ఒకటి ఉంది. నా సొరుగులో నోకియా పాత ఫోను ఎన్900 ఉంది. మేమో 5 అనే లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఇప్పటికీ చక్కగా నడుస్తోంది.

ప్రస్తుతం దాని మీద, ఫైళ్లను వై-ఫైలోని ఫోన్లకు అందించడానికి, పైథాన్ భాషతో వచ్చే సింపుల్‌హెచ్‌టీటీపీసర్వర్ అనే చిన్న వెబ్ సర్వర్ నడుపుతున్నాను. ఒకరికైతే బాగానే ఉంది. ఒకరు పెద్ద పీడీఎఫ్ దించుకుంటుంటే మిగతావాళ్లకు తెల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు. ఆడియోను మధ్యలోకి జరిపితే మళ్లీ మొదటికి వస్తోంది. దీనికి బదులు ఏ సర్వర్ పెట్టాలి? ఫైళ్ల పేర్లు తెలుగులో ఉండవచ్చా? ఎన్900 తెర మీద అవి ఖాళీ గడులుగా కనిపిస్తున్నాయి. రోజంతా చార్జర్‌కు తగిలించి ఉంచవచ్చా?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనమని మాత్రం చెప్పకండి. మా దగ్గర చీపురు కొనాలన్నా పై ఆఫీసుకు ఉత్తరం రాయాలి.

మూడో అంతస్తు:
అపాచీ అనే పెద్ద వెబ్ సర్వర్ జోలికి వెళ్లకండి. పాత పద్ధతిలో అది ఒక్కో కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ తెరుస్తుంది, 256 ఎంబీ ర్యామ్‌లో అది మోయలేని బరువు. లైట్‌టీపీడీ అనే తేలికపాటి సర్వర్ పెట్టండి. ఒకే ప్రాసెస్ అందరినీ చూసుకుంటుంది. టీహెచ్‌టీటీపీడీ ఇంకా చిన్నది. బిజీబాక్స్ అనే చిన్న లినక్స్ పనిముట్ల మూటలోనూ ఒక సర్వర్ ఉంటుంది కానీ ఫోల్డర్‌లో ఏమున్నాయో దానంతట అది చూపదు, సూచిక పేజీ మీరే రాసిపెట్టాలి.

పాత ఇనుము:
పైన చెప్పింది సరైనదే. లైట్‌టీపీడీతో మీ రెండు ఫిర్యాదులూ తీరతాయి. పైథాన్ సర్వర్ ఒకసారికి ఒక్క అభ్యర్థననే చూస్తుంది, అందుకే వరుస కట్టాల్సి వస్తోంది. ఫైల్లో ఫలానా చోటి నుంచి ఇవ్వమని బ్రౌజర్ అడిగినా దానికి అర్థం కాదు, అందుకే ఆడియో మొదటికి పోతోంది. లైట్‌టీపీడీ ఈ రెండు పనులూ చేస్తుంది.

అయితే ఎన్900 మీద అసలు ఇబ్బంది సర్వర్ కాదు. ఈ 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఉన్న ఫైలును పంపడం పెద్ద పనేమీ కాదు. ఇబ్బందులన్నీ దాని చుట్టూ ఉన్నవాటితోనే.

మొదటిది నిల్వ. మీ ఫైళ్లు ఫోనులో వాడకందారు ఫైళ్లు ఉండే మైడాక్స్ ఫోల్డర్‌లో ఉంటే, ఫోనును కంప్యూటర్‌కు తగిలించి మాస్ స్టోరేజ్ (పెన్‌డ్రైవ్‌లా కనిపించే పద్ధతి) నొక్కిన క్షణంలో ఆ భాగం ఫోనుకు కనబడకుండా పోతుంది. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఇవ్వడానికి ఫైళ్లే ఉండవు. అందువల్ల గోడ చార్జర్ మాత్రమే వాడండి, కొత్త ఫైళ్లను ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద ఫోనులోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా పంపండి. సిస్టమ్ ఉండే రూట్ విభాగం మొత్తం 256 ఎంబీయే, అందులో ఏదీ పేర్చకండి. ఎవరు ఏం తెరిచారో రాసే యాక్సెస్ లాగ్ మాడ్యూల్‌ను అసలు ఎక్కించకండి. మీ పిల్లలు ఏం చదివారో మీకు కళ్లెదుటే కనబడుతుంది కదా!

రెండోది వై-ఫై. కాసేపు ఎవరూ అడగకపోతే రేడియో కునుకు తీస్తుంది, తర్వాత అడిగిన మొదటివాడికి ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆ కనెక్షన్ సెట్టింగుల్లో లోపలికి వెళ్తే పవర్ సేవింగ్ ఉంటుంది, అది ఆపేయండి. ఇంకో సంగతి. ఎన్900 నుంచి రూటర్‌కు, రూటర్ నుంచి పిల్లవాడి ఫోనుకు, ప్రతి ఫైలూ ఒకే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. పేరుకు సెకనుకు 54 మెగాబిట్లు, చేతికి అందేది అందులో చిన్న వాటా. 20 ఎంబీ ఫైలును పది మంది ఒకేసారి అడిగారంటే 200 ఎంబీ. సెకనుకు 8 మెగాబిట్లు అందాయనుకుంటే మూడు నిమిషాలకు పైనే పడుతుంది. కాబట్టి ఎన్900ను రూటర్ పక్కనే పెట్టండి, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను నలుపు తెలుపులోకి మార్చి చిన్నవి చేయండి. ఒక్కో కనెక్షన్‌కు సెకనుకు ఇన్ని కిలోబైట్లే అని లైట్‌టీపీడీలో హద్దు పెట్టవచ్చు. అది పెడితే ఆడియో వినేవాళ్లకు అంతరాయం తగ్గుతుంది.

తెలుగు పేర్లు నిరభ్యంతరంగా పెట్టండి. లైట్‌టీపీడీ సెట్టింగుల్లో ఫోల్డర్ జాబితా ఎన్‌కోడింగ్ (అక్షరాలను రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఉండేలా చూస్తే చాలు. సర్వర్‌కు ఫాంటుతో పని లేదు, బైట్లను అలాగే పంపిస్తుంది. ఎన్900 తెర మీద గడులు కనిపిస్తే కనిపించనివ్వండి.

ఇక బ్యాటరీ. రోజంతా చార్జర్ మీద ఉంచితే ఏదో ఒకనాడు ఉబ్బుతుంది. వెనక మూత తీసి వారానికోసారి చూడండి, వంపు కనిపిస్తే ఆ రోజే తీసేయండి. ఇందులోని బీఎల్-5జే రకం బ్యాటరీనే నోకియా లూమియా 520 ఫోనులోనూ వాడారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. నేనైతే గ్రంథాలయం మూసేటప్పుడు చార్జర్ ఆపేసి వెళ్తాను. మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఈ ఫోనుకు పుట్టు బలహీనత, తీగను రోజూ పీకకుండా గోడ దగ్గరి స్విచ్ కట్టేయండి.

రాత్రి షిఫ్టు:
మేమో 5 ఎందుకండీ ఇంకా? భద్రతా సవరణలు ఆగిపోయి ఏళ్లయింది. మైక్రో ఎస్డీ కార్డు మీద మేమో లెస్తే అనే కొత్త సిస్టమ్ వేసుకోండి. అది డెవువాన్ అనే లినక్స్ ఆధారంగా కట్టినది, కొత్త లైట్‌టీపీడీ మామూలుగానే వస్తుంది.

పాత ఇనుము:
ఫోను బయటి ఇంటర్నెట్‌కు తగిలి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇక్కడ రూటర్‌కు బయటి దారే లేదు. తాళంగారికి కావలసింది సాయంత్రం పని జరగడం. లెస్తే మీద సరదా ఉంటే సెలవు రోజున ప్రయత్నించవచ్చు, కార్డు తీసేస్తే పాతది పాతదిగానే ఉంటుంది.

బీరువా తాళం:
లైట్‌టీపీడీ పెట్టాను, పోర్టు 8080లో (చిరునామా చివర కొట్టాల్సిన సంఖ్య) నడుస్తోంది. ఆడియో ఎక్కడికి జరిపితే అక్కడి నుంచి వస్తోంది, పవర్ సేవింగ్ ఆపాక మొదటి పేజీ కూడా వెంటనే తెరుచుకుంటోంది. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు కొత్త తలనొప్పి. కొందరి ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ వై-ఫైలో ఇంటర్నెట్ లేదని అలిగి మొబైల్ డేటాకు మారిపోతున్నాయి. ఇంకొందరు చిరునామా కొడితే పేజీ రావడం లేదంటున్నారు.

మూడో అంతస్తు:
మొదటిదానికి, ఇంటర్నెట్ లేకపోయినా ఇందులోనే ఉండాలా అని ఫోను అడిగినప్పుడు అవునని నొక్కించండి. మళ్లీ అడగవద్దనే గడి కూడా టిక్ చేయిస్తే రేపటి నుంచి గోల ఉండదు. అప్పటికీ వినని ఫోనులో మొబైల్ డేటా ఆపడమే.

రెండోది, పోర్టు సంఖ్య కొట్టడం మరిచిపోతుంటారు, లేదా బ్రౌజర్ తనంతట తాను హెచ్‌టీటీపీకి బదులు దాని రక్షిత రూపమైన హెచ్‌టీటీపీఎస్‌తో ప్రయత్నిస్తుంటుంది. ముందు రూటర్‌లో ఎన్900కు ఎప్పుడూ ఒకే ఐపీ చిరునామా దక్కేలా కేటాయించండి. తర్వాత హెచ్‌టీటీపీ అన్న మొదటి ముక్కతో, 8080తో సహా పూర్తి చిరునామాకు ఒక క్యూఆర్ కోడ్ చేసి బల్లకొకటి అంటించండి.