ఏరోసోల్‌ను ‘ధూళి’ అనొచ్చా?

వాతావరణ మార్పు మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. గాలిలో తేలే అతి సన్నటి కణాలను ఏరోసోల్ అంటారు కదా, అది రావలసిన ప్రతిచోటా ‘ధూళి’ అని పెట్టాను. సరిపోతుందంటారా?

— ‘గాలి నలుసులు’ అని చూడండి. అచ్చ తెలుగు, చదవగానే తెలుస్తుంది.

— నలుసు చక్కటి మాటే. కానీ ధూళి అన్నా నలుసు అన్నా గట్టి పదార్థమే తడుతుంది. ఏరోసోల్స్‌లో ద్రవ బిందువులు కూడా ఉంటాయండీ. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలాక ప్రపంచ సగటు ఉష్ణోగ్రత కొంతకాలం సుమారు అర డిగ్రీ తగ్గింది. అది బూడిద చేసిన పని కాదు, బూడిద త్వరగానే కిందికి రాలిపోయింది. స్ట్రాటోస్ఫియర్‌కు (మేఘాలకు పైనుండే గాలి పొరకు) చేరిన సల్ఫర్ డయాక్సైడ్ వాయువు అక్కడ సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరగా మారి ఎండను వెనక్కి కొట్టింది. ఇక్కడ ‘ధూళి’ అని రాస్తే పాఠకులు బూడిదే అనుకుంటారు.

ఇంకో చిక్కుంది. మసి కూడా ఏరోసోలే, కానీ దాని పని వేరు. పైన చెప్పిన ఆమ్లపు తుంపర లాంటి సల్ఫేట్ ఎండను వెదజల్లి చల్లబరుస్తుంది, మసి ఎండను పీల్చుకుని చుట్టూ గాలిని వేడెక్కిస్తుంది. అందుకని మొత్తం గుంపును ఏరోసోల్స్ అనే ఉంచండి. విడిగా చెప్పేచోట మసి, ఎడారి ధూళి, సముద్రపు ఉప్పు, సల్ఫేట్ తుంపర అని దేని పేరు దానికే పెట్టండి.

— బాగుందండీ. ‘మేఘాలు భూమిని చల్లబరుస్తాయి’ అన్న వాక్యం ఉంచొచ్చా?

— మొత్తం మీద చూస్తే నిజమే, కానీ ఎత్తు కూడా చెప్పాలి. కిందుగా దట్టంగా పరుచుకున్న మేఘం ఎండను తిప్పికొడుతుంది. బాగా ఎత్తున ఉండే పలచని సిర్రస్ మేఘం ఎండను చాలావరకు వదిలేసి, నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచుతుంది. ఏరోసోల్స్‌కు మేఘాలతో ఉన్న సంబంధం కూడా రాయండి. నీటి ఆవిరి మేఘపు బిందువు కావాలంటే దానికి ఆధారంగా ఒక కణం కావాలి. కణాలు పెరిగితే అదే నీరు మరిన్ని చిన్న బిందువులవుతుంది, మేఘం ఇంకా తెల్లబడుతుంది. ఓడల పొగ వెంట సముద్రం మీది మేఘాల్లో పడే తెల్లటి చారలు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించేది ఇందుకే. 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించాక ఆ చారలు తగ్గాయి.

— ‘కాలుష్యం భూమి వేడిని తగ్గిస్తోంది’ అని కూడా రాశాను.

— ‘తగ్గిస్తోంది’ వద్దు, దయచేసి ‘కప్పిపుచ్చుతోంది’ అనండి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 1750 నుంచి 2019 వరకు ఏరోసోల్స్ ప్రభావం చదరపు మీటరుకు సుమారు మైనస్ 1.1 వాట్లు, కార్బన్ డయాక్సైడ్‌ది ప్లస్ 2.16 (మైనస్ అంటే చల్లబరిచేది, ప్లస్ అంటే వేడెక్కించేది). నేలకు దగ్గరి గాలిలోని ఏరోసోల్స్‌ను వాన కొద్ది రోజుల్లోనే కడిగేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు పోగుపడుతూనే ఉంటుంది. ‘తగ్గిస్తోంది’ అని చదివినవాళ్లకు పొగ మేలు చేస్తోందనిపిస్తుంది. ఆ పొగ ఊపిరితిత్తులను, గుండెను దెబ్బతీసి లక్షల ప్రాణాలు తీస్తోంది. గాలిని శుభ్రం చేయడం ఆపకూడదు, దాంతోపాటే కార్బన్ డయాక్సైడ్‌నూ తగ్గించాలి. ఈ రెండు మాటలూ ఆ వాక్యం పక్కనే రాయండి.