తలంటు రోజు రాలిన వెంట్రుకలు లెక్కపెడితే జబ్బు తెలుస్తుందా?

జడకుచ్చులు: డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలైంది. ఆదివారం తలంటుకుని లెక్కపెడితే 100 దాటాయి. ఎక్కువే కదా?

సత్యం మాస్టారు: రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. మీరు వారానికోసారి తలంటుకుంటే, అప్పటిదాకా ఊడి జడలో చిక్కుకున్నవీ ఆ రోజే బయటపడతాయి. దాన్ని ఒక్కరోజు లెక్క అనకూడదు.

వరంగల్ వాసి: నాకూ జ్వరం తర్వాత ఇంతే. మళ్లీ వచ్చింది, భయపడకండి.

జడకుచ్చులు: మాస్టారూ, అంతకుముందూ వారానికోసారే తలంటుకునేదాన్ని. ఇన్ని రాలలేదు.

సత్యం మాస్టారు: అప్పుడు లెక్కపెట్టారా? అందుకే 60 సెకన్ల దువ్వెన పరీక్ష చేయమంటాను. తలస్నానానికి ముందు తెల్లగుడ్డ పరిచి, తల వంచి, వెనక నుంచి ముందుకు నిమిషం దువ్వి లెక్కపెట్టాలి. ప్రతిసారీ అదే దువ్వెన వాడాలి.

గోదారి చెల్లి: ఆ పరీక్షకు మామూలు లెక్క ఎంతో మగవాళ్ల మీద చూసి రాశారు. నడుము దాకా జడ ఉన్నవాళ్లకు అదెలా సరిపోతుంది?

సత్యం మాస్టారు: ఎవరి లెక్కతో వాళ్లే పోల్చుకోవచ్చమ్మా. లెక్క లేకుండా టెన్షన్ పడితే ఇంకా ఊడుతుంది.

జడకుచ్చులు: ఆ టెన్షన్ మాటే డాక్టరూ అన్నారు! తల ముట్టుకోకుండానే "ఒత్తుగానే ఉందమ్మా" అని పంపేశారు. నా జడ సగమైంది, రబ్బరు బ్యాండు ఇంకో చుట్టు తిప్పాల్సి వస్తోంది. నేను లెక్కపెట్టింది జబ్బు పేరు కనుక్కోవడానికి కాదు, నా మాట నమ్ముతారని!

సత్యం మాస్టారు: కోప్పడకండమ్మా. కాన్పు తర్వాత మా అమ్మాయికి ఇలాగే ఊడితే ఒక క్లినిక్ వాళ్లు సీరమ్‌లు, ఇంజెక్షన్లు అని వేలు గుంజారు. నెలల్లో దానంతటదే తగ్గేది. ముందు లెక్క రాసుకోలేదు గనుక, మీ మందు పనిచేసిందా అని నిలదీయలేకపోయాం.

చర్మవైద్యం పీజీ: జడకుచ్చులు గారూ, ఒత్తు జుట్టు బాగా పల్చబడ్డాకే పైవాళ్లకు తెలుస్తుంది. 50-60 వెంట్రుకల పాయ పట్టి మెల్లగా లాగి చూడమని డాక్టర్‌ని అడగండి. ఐదారు వస్తేనే ఎక్కువనేవారు, ఇప్పుడు రెండు మించితేనే ఆలోచిస్తున్నారు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూపించుకోండి. పొడుగు జుట్టు ఆడవాళ్ల కోసం ఆరు ఫొటోల స్కేలు ఉంది. ఎంత రాలుతోందో మీరే ఫొటో చూసి చెప్పాలి, మీరు చెప్పిందే కొలత.

సత్యం మాస్టారు: ఆ ఫొటో నంబరైనా తేదీ వేసి రాసుకోండి.

జడకుచ్చులు: రాసుకుంటాను. అలా అడిగి చూసే డాక్టర్ ఏలూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.