అప్‌డేట్: వీల్‌చైర్‌లో వేటకు వెళ్లగలనా అని అడిగాను కదా, వెళ్లొచ్చాను!

యాక్సిడెంట్‌లో నడుము కింద స్పర్శ పోయింది, టెక్సస్‌లో మళ్లీ వేట కుదురుతుందా అని అడిగాను. కుదిరింది. ఒక రైతు తన పొలంలోకి రానిచ్చాడు. ఇక్కడ అడవి పందులకు సీజన్ అంటూ లేదు, 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే లైసెన్సు కూడా అక్కర్లేదు.

నా టెన్షనంతా తుపాకీ వెనక్కి తన్నడం గురించే, నడుముకి పట్టు లేకపోతే ఆ దెబ్బకి మనిషే ఒరిగిపోతాడు. మీలో ఒక అన్న చెప్పినట్టు ఛాతీకి బెల్టు కట్టుకుని, బ్రేకులు బిగించి, తక్కువగా తన్నే పాయింట్ 243 రైఫిల్‌ని ట్రైపాడ్‌కి బిగించాను, అద్భుతంగా పనిచేసింది. మాటు వేసే గుడారం మాత్రం కిటికీ కుర్చీ ఎత్తుకు వచ్చేదే కొనండి. ఒకేచోట కూర్చుని ఒంటికి పుండ్లు పడకుండా మధ్యమధ్యలో చేతుల మీద ఒళ్లు లేపాలి కదా, పందికి చూపు మందమే కానీ ముక్కు, చెవులు మహా చురుకు, అందుకే ఎదురుగాలికి కూర్చుని అవి మేతలో మునిగినప్పుడే మెల్లగా కదిలేవాణ్ని.

చీకటి పడేముందు పెద్ద మగపంది వచ్చింది, ఒక్క గుండుకే పడింది. ఇండియాలో వేటను నిషేధించే చట్టం రాకముందు తాత నల్లమలలో వేటాడిన కథలు వింటూ పెరిగినవాణ్ని, అమ్మకి ఫోన్‌లో చెబుతూ ఏడ్చేశాను.

తర్వాత జింకకు వెళ్తా, దానికి లైసెన్సు తీసుకోవాలి. నా కాళ్లకు చలి తెలియదు, వెచ్చగా ఉంచే ఉపాయాలుంటే చెప్పండి.