జనరేటరు కొనే ముందు: కొత్తగా వచ్చినవారి ప్రశ్న, మన జవాబులు

అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి నాలుగు నెలలైంది, విడిగా ఉన్న ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. పోయిన వారం గాలివానకు పద్దెనిమిది గంటలు కరెంటు పోయింది. తిరిగి వచ్చిన క్షణంలో రూటరు, టీవీ రెండూ మాడిపోయాయి. నేను ఇంటి నుంచే పని చేయాలి. వచ్చే నెల ఇండియా వెళ్తున్నాను. అక్కడి నుంచి మంచి ఇన్వర్టరు, ఒక స్టెబిలైజరు తెచ్చుకుంటే సరిపోతుందా, లేక ఇక్కడే పెద్ద జనరేటరు కొనాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

ఆ రెండూ తేవద్దు. పెట్టెలో ఆ బరువుకు బదులు ఇంకేదైనా పెట్టుకోండి. అక్కడి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ మామూలు ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆ ఇన్వర్టరు ఇక్కడి గోడ నుంచి సరిగా చార్జి కాదు. ఎలాగో చార్జి చేసినా అది బయటికి ఇచ్చేది 230. దాన్ని ఇక్కడి ఫ్రిజ్‌కు కలిపారంటే ఫ్రిజ్ పని అయిపోయినట్టే. స్టెబిలైజరేమో 120ని చూసి వోల్టేజి పడిపోయిందనుకుని ఆగిపోతుంది, లేదా దాన్ని పైకి ఎత్తి పంపుతుంది. రెండూ మీకు పనికిరావు.

మన వాళ్లు ఇక్కడ తడబడేది మాటల దగ్గర. మనకు ఇన్వర్టరంటే మూలన బ్యాటరీతో కూర్చుని, కరెంటు పోగానే ఫ్యాను తిప్పే పెట్టె. ఇక్కడి దుకాణంలో ఇన్వర్టర్ జనరేటరని రాసి ఉన్నది పెట్రోలు తాగే యంత్రం, బ్యాటరీ పెట్టె కాదు. గ్యాస్ జనరేటరని రాసి ఉంటే వంటింటి సిలిండరు గుర్తుకు రావచ్చు, ఇక్కడ గ్యాస్ అంటే చాలాసార్లు పెట్రోలే. ఇక స్టెబిలైజరని అడిగితే చిన్న సీసా చేతిలో పెడతారు. నిలవ ఉన్న పెట్రోలు కొన్ని నెలల్లో చెడిపోకుండా అందులో కలిపే మందు అది. నేను మొదటి ఏడాది ఆ సీసాను అటూ ఇటూ తిప్పి, దీనికి ప్లగ్గు ఎక్కడుందని అడిగినవాణ్ని.

మీ రూటరును, టీవీని తీసింది కరెంటు పోవడం కాదు, తిరిగి రావడం. లైను మళ్లీ కలిపినప్పుడు వోల్టేజి ఒక్క క్షణం ఎగిసిపడవచ్చు. జనరేటరు దీన్ని ఆపలేదు. అందుకే ముందు కొనవలసింది సర్జ్ ప్రొటెక్టరు, అంటే అలా ఎగిసిన వోల్టేజి దెబ్బను తాను తీసుకుని వస్తువులను కాపాడేది. వరుసగా ఆరు ప్లగ్గులున్న ప్రతి పట్టీ సర్జ్ ప్రొటెక్టరు కాదు. ఎన్ని జౌల్స్ (శక్తికి కొలత) తట్టుకుంటుందో పెట్టె మీద రాసి ఉందో లేదో చూడండి. లోపల దెబ్బ తీసుకునే భాగం ప్రతి దెబ్బకూ కొంత అరుగుతుంది, కాబట్టి రక్షణ దీపం ఆరిపోయిన పట్టీని దాచుకోకండి, పారేయండి. మెయిన్ ప్యానెల్లోనే (బ్రేకర్లుండే పెట్టెలోనే) బిగించే, ఇల్లంతటికీ పనిచేసే రకం ఇంకా మేలు. 2020 నాటి జాతీయ విద్యుత్ నియమావళి కొత్త ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది, పాత ఇంట్లో ఉంటుందని మాత్రం అనుకోవద్దు. ఇంటి మీదే పిడుగు పడితే ఇవేవీ నిలవవు. ఉరుములు మొదలవగానే ప్లగ్గులు పీకేసే అమ్మమ్మల పద్ధతిని మించింది నాకు ఇంతవరకు కనబడలేదు.

రెండోది రూటరుకు, కంప్యూటరుకు ఒక యూపీఎస్. వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకె చూసి మురిసిపోకండి, వాట్ల అంకె విడిగా ఉంటుంది, సాధారణంగా అదే తక్కువ. హీటరు, లేజర్ ప్రింటరు దాని జోలికి రాకూడదు. బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లలో అలసిపోతుంది.

జనరేటరు మూడోది. ఏమేం నడవాలో ముందు కాగితం మీద రాయండి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లు తీసుకున్నా, కంప్రెసరు మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. చలిదేశంలో మరిచిపోయేది ఫర్నెస్, ఇల్లు వెచ్చబెట్టే యంత్రం. పైపు గ్యాసుతో మండేదైనా వేడి గాలి ఊదే దాని బ్లోయరుకు కరెంటు కావాలి. ఫ్రిజ్, దీపాలు, కంప్యూటరు వరకైతే 2,000 వాట్ల ఇన్వర్టర్ జనరేటరు చాలు. నీళ్లు కాచే హీటరు ఒక్కటే 4,500 వాట్లు లాగుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. మామూలు జనరేటరు ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరిగితేనే 60 హెర్ట్జ్ వస్తుంది, భారం పడినప్పుడల్లా ఆ వేగం ఊగుతుంది. ఆ ఊగుడు చూసి కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటు నాకొద్దని బ్యాటరీ మీదే కూర్చుంటాయి, అది అయిపోగానే ఆగిపోతాయి. ఇన్వర్టర్ రకం ముందు డీసీ చేసి, దాని నుంచి శుభ్రమైన ఏసీ కరెంటు తయారుచేస్తుంది కాబట్టి ఈ పేచీ దాదాపు ఉండదు.

తీగ కొనేటప్పుడు ఇంకో తిరకాసు. మనకు 1.5 కంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లావు. ఇక్కడి గేజి లెక్కలో అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది. జనరేటరు దూరంగా పెడతారు కాబట్టి 12 గానీ 10 గానీ తీసుకోండి, 16 వద్దు.

రెండు వైపులా మగ ప్లగ్గున్న తీగతో జనరేటరును గోడ సాకెట్టుకు కలిపే తెలివి ఎవరైనా నేర్పితే ఆ మనిషిని ఇంటికి రానివ్వకండి. ఆ కరెంటు మీ ప్యానెల్ దాటి వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి ఎక్కి వేల వోల్టులవుతుంది. అప్పుడు స్తంభం మీద లైను బాగుచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. ఇల్లంతటికీ ఇవ్వాలంటే జనరేటరు కరెంటు, వీధి కరెంటు ఒకేసారి కలవకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ ఇంటర్‌లాక్ గానీ ఉండాలి, దాన్ని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే బిగించాలి.

మరొకరి జవాబు

అన్నగారు చెప్పినదంతా నిజమే గానీ, అద్దె ఇంట్లో ఉన్నవారికి జనరేటరు ఎందుకని నా పేచీ. వెయ్యి వాట్ అవర్ల లిథియం బ్యాటరీ పెట్టె కొంటే రూటరు, ల్యాప్‌టాప్ పనిదినం మొత్తం లాగుతాయి. పొగ లేదు, మోత లేదు, యజమానిని అడగనక్కర్లేదు. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. పద్దెనిమిది గంటల లెక్కకు ఇది చాలదన్నది ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఒక సాయంత్రం ముందు గదిలో దీపాలు కళ్లు చెదిరేలా వెలిగాయి, పడకగదిలో గుడ్డిగా మినుకుమన్నాయి. మా వారు బల్బు పోయిందని కొత్తది బిగించారు. పది నిమిషాల్లో మైక్రోవేవ్ పొగలు కక్కింది. తెగింది న్యూట్రల్. ఇక్కడ ఇంటికి రెండు 120 వోల్టుల కాళ్లు (కరెంటు తీగలు), వాటికి ఉమ్మడిగా ఒక న్యూట్రల్ తీగ వస్తాయి, న్యూట్రల్ ఊడితే ఒక కాలు మీద వోల్టేజి 120 దాటి పెరిగిపోతుంది, రెండోదాని మీద పడిపోతుంది. అలా కనిపిస్తే బల్బుల జోలికి పోకుండా మెయిన్ బ్రేకరు దించి, విద్యుత్ సంస్థకు ఫోను చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క అనుమానం. వానలో జనరేటరు తడవకుండా గ్యారేజీలో పెట్టి, తలుపు సగం ఎత్తి ఉంచితే పర్వాలేదా?

జవాబు

కుదరదు. తలుపు పూర్తిగా ఎత్తినా కుదరదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, నిద్రమత్తు అనిపించేసరికి లేచి నడిచే ఓపిక ఉండదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం కిటికీలకు, తలుపులకు ఎదురు కాకుండా పెట్టండి. వానకు జనరేటరు మీద అమర్చే ప్రత్యేక గుడారాలు దొరుకుతాయి. ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయకండి. ప్రతి అంతస్తులో బ్యాటరీతో నడిచే మోనాక్సైడు అలారం ఉందో లేదో ఈ రాత్రే చూడండి.

జనరేటరా, చెల్లెమ్మ చెప్పిన బ్యాటరీ పెట్టా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ప్యానెల్ తలుపు తెరిచి, మెయిన్ బ్రేకరు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో ఫొటో తీసి పెట్టండి, ఎలక్ట్రీషియనుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. లోపలి రేకు మాత్రం విప్పకండి.