పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ ఎక్కడం లేదు, ఒక్కోసారి ఒక్కో చోట ఆగిపోతోంది

గుంటూరు, పట్టాభిపురం (అడుగుతున్నది)
అందరికీ నమస్కారం. మా నాన్నగారు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. అక్కడ కొత్త కంప్యూటర్ కొన్నారని పాతది మాకిచ్చేశారు. కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ31 బోర్డు, 2 జీబీ ర్యాములు రెండు, 320 జీబీ హార్డ్ డిస్క్. అందులో ఉన్న విండోస్ 7 మధ్యమధ్యలో నీలం తెర వేసి ఆగిపోతోంది. అందుకని విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ 22 ఓఎస్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, వేద్దామనుకున్నాను. మొదటిసారి ఫైళ్లు కాపీ అవుతూ సగంలో నిలబడిపోయింది. రెండోసారి దాదాపు చివరిదాకా వచ్చి ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, నంబర్ 5 అంది. మూడోసారి డెస్క్‌టాప్ కూడా రాకుండానే బిగుసుకుపోయింది. పెన్‌డ్రైవ్ మార్చినా అదే గోల. ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కమంటుంది, అది ఎప్పటినుంచో ఉన్నదేనట. దగ్గర్లో ఒక రిపేరు షాపులో చూపిస్తే బోర్డు పోయింది, పాత సామానుకి వేసెయ్యమన్నారు. ఇంకేమైనా దారి ఉందా?

విజయవాడ, గవర్నర్‌పేట
పాత మిషన్ కదా, 32 బిట్‌ది వేసి చూడండి. లేదంటే విండోస్ 11 ఎలాగోలా ఎక్కించే ట్రిక్కులు వీడియోల్లో బోలెడున్నాయి.

విజయవాడ, సత్యనారాయణపురం
రెండూ వద్దు. కోర్ 2 డుయో 64 బిట్ ప్రాసెసరే. పైగా మామూలు మింట్‌లో 32 బిట్ 19.3తోనే అయిపోయింది. డెబియన్ అనే ఇంకో లైనక్స్ కూడా 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఇక విండోస్ 11 సంగతి: అది అడిగే టీపీఎం అనే భద్రతా చిప్ లేకపోయినా తప్పించుకునే ట్రిక్కులున్నాయి, నిజమే. కానీ అందులో 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఒక ఇన్‌స్ట్రక్షన్ ప్రాసెసర్‌లో ఉండి తీరాలి. కోర్ 2 డుయోలో అది లేదు. ట్రిక్కులతో ప్రాసెసర్‌లో లేనిది రాదు కదా.

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ హార్డ్ డిస్క్‌లో కొట్టు లెక్కలేమైనా మిగిలి ఉన్నాయా? చెరిపేశాక టాలీ డేటా కావాలని ఫోన్ వస్తే నీకూ మీ నాన్నగారికీ తలనొప్పి. అది తేల్చుకుని చెప్పు, తర్వాత మాట్లాడదాం.

గుంటూరు, పట్టాభిపురం
తమ్ముడు కాదన్నా, చెల్లిని. లెక్కలన్నీ వాళ్లు కొత్తదాంట్లోకి ఎక్కించేసుకున్నారు. షావుకారు గారిని నాన్న మళ్లీ అడిగారు కూడా.

విజయవాడ, బీసెంట్ రోడ్డు
నాదీ ఒక ప్రశ్న. మీరు డీటీపీ (ప్రింటింగ్ కోసం పేజీలు కూర్చే పని) చేస్తారా? చేసేటట్లయితే లైనక్స్ జోలికి పోకండి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లైనక్స్ కోసం చేసినవి కావు. మా ప్రెస్సులో ఇప్పటికీ ఒక ఎక్స్‌పీ మిషన్‌ని నెట్ కేబుల్ పీకేసి అందుకోసమే కాపాడుకుంటున్నాం.

గుంటూరు, పట్టాభిపురం
లేదండీ. తమ్ముడు ఇంటర్ పాఠాలు చూసుకోవాలి, నేను తెలుగులో టైపింగ్ నేర్చుకోవాలి. అంతే.

విజయవాడ, సత్యనారాయణపురం
అయితే మింట్ చాలు. యూనికోడ్ తెలుగు కీబోర్డు అందులోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, చెల్లెమ్మా. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇన్‌స్టాల్ కాకపోతే జనం చేసే మొదటి పని ఇంకో ఓఎస్ దింపడం. అదీ కాకపోతే మరొకటి. తప్పు ఇనుములో, అంటే హార్డ్‌వేర్‌లో, ఉన్నప్పుడు ఏది దింపినా అంతే. నువ్వు రాసిన దాంట్లో నాకు పనికొచ్చింది ఒక్కటే: ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది. డౌన్‌లోడ్ పాడైనా, పెన్‌డ్రైవ్‌లో ఒక ముక్క చెడినా మామూలుగా ఆ ముక్క దగ్గరే తడబడుతుంది. హార్డ్ డిస్క్‌లో చెడ్డ సెక్టర్లున్నా దాదాపు అంతే. పూటకో చోట ఆగుతోందంటే నా అనుమానం ముందు ర్యాము మీదకి పోతుంది. విండోస్‌లో నీలం తెర వచ్చిందన్నావు చూడు, దానికీ ఇదే కారణం కావచ్చు. ఎర్రర్ నంబర్ 5 చూసి డిస్క్ పోయిందని కంగారు పడకు. చదవడమో రాయడమో కుదరలేదని మాత్రమే అది చెబుతుంది, ఎవరివల్లో చెప్పలేదు.

మింట్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినప్పుడు వచ్చే మెనూలో మెమరీ టెస్ట్ ఉంటుంది. నడిపించు. ఎర్ర గీతలు ఒక్కటి కనపడినా ర్యాము దారిలో లోపమున్నట్టే. ఒకటే కదా అని వదిలెయ్యకు.

గుంటూరు, కొత్తపేట
పెన్‌డ్రైవ్‌లో మింట్ రాసే రూఫస్ ప్రోగ్రాములో జీపీటీ అనే కొత్త డిస్క్ పద్ధతి పెట్టారేమో? పాత బయోస్‌కి (ఆన్ చెయ్యగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాము) ఎంబీఆర్ అనే పాత పద్ధతి పెట్టాలి.

విజయవాడ, సత్యనారాయణపురం
మంచి మాటే, కానీ అది తప్పయితే అసలు మెనూ దాకానే వచ్చేది కాదు. ఈమెకి సగం దాకా వచ్చింది.

గుంటూరు, పట్టాభిపురం
అన్నా, పది నిమిషాలు కాకుండానే తెర నిండా ఎర్ర గీతలు! అంటే రెండు ర్యాములూ పోయినట్టేనా? కొత్తవి కొనాలా?

విజయవాడ, సత్యనారాయణపురం
డబ్బులు జేబులోనే ఉంచు. ఇంకా ఏమీ తేలలేదు. లోపం ర్యాముదా, అది గుచ్చే స్లాటుదా అన్నది చూడాలి. స్విచ్ ఆపి, కరెంటు వైరు వెనక నుంచి పూర్తిగా పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదులు. క్యాబినెట్ ఇనుప రేకుని చేత్తో తాకి అప్పుడు ర్యాము ముట్టుకో. రెండు ర్యాములకీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టు. ఒక్కొక్కటే ఒక్కో స్లాటులో పెట్టి టెస్ట్ చెయ్యి. మొత్తం నాలుగు సార్లు. విసుగొస్తుంది, కానీ రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

గుంటూరు, పట్టాభిపురం
ఆదివారమంతా దీనికే పోయింది. మొదటి స్లాటులో రెండు ర్యాములూ శుభ్రంగా పాసయ్యాయి. రెండో స్లాటులో ఏది పెట్టినా ఎర్ర గీతలే. ఇంకో సంగతి, క్యాబినెట్ తలుపు తియ్యగానే ఇంటిల్లిపాదీ తుమ్ములు. లోపల ఫ్యాను, బోర్డు అంతా ఎర్రగా పొడి. మిర్చి ఘాటు ఇంకా పోలేదు!

విజయవాడ, సత్యనారాయణపురం
అదీ సంగతి! ర్యాములు బంగారంలా ఉన్నాయి, స్లాటుకే కారం పట్టింది. మిర్చి పొడి మామూలు దుమ్ములా ఊదితే పోదు, కాస్త జిడ్డుగా అంటుకుని ఉంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని మెత్తటి పెయింటు బ్రష్షుతో స్లాటు లోపల నెమ్మదిగా ఊడ్చు, తర్వాత గాలి కొట్టు. ర్యాము అడుగున మెరిసే లోహపు పళ్లని తెల్ల రబ్బరుతో రుద్ది, ఆ పొట్టు దులిపెయ్యి. తడి గుడ్డ మాత్రం వాడొద్దు. పనిలో పనిగా ప్రాసెసర్ ఫ్యాను కూడా తుడువు. మన రోహిణి కార్తె ఎండలకి ఆ ఫ్యాను మూసుకుపోతే ఇంకో రోగం మొదలవుతుంది.

అప్పటికీ ఎర్ర గీతలొస్తే రెండో స్లాటు వదిలేసి 2 జీబీతోనే వేసుకో. మింట్‌కి 2 జీబీ కనీసం, 4 ఉంటే హాయి.

గుంటూరు, పట్టాభిపురం
రెండూ పెట్టి రాత్రంతా టెస్ట్ నడిపాను. ఒక్క గీత లేదు. పొద్దున్నే మింట్ ఎక్కించాను, ఎక్కడా ఆగలేదు. కానీ కొత్త చిక్కు: పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటేనే ఆన్ అవుతోంది, తీసేస్తే నల్ల తెర. పైగా ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదని హెచ్చరిక.

విజయవాడ, సత్యనారాయణపురం
మొదటిది: ఓఎస్‌ని మొదలుపెట్టే బూట్ లోడర్ అనే ముక్క హార్డ్ డిస్క్‌కి బదులు పెన్‌డ్రైవ్ మీదకి పోయింది. ఇలాంటి బోర్డుల్లో నేను చాలాసార్లు చూశాను. పెన్‌డ్రైవ్‌లో మింట్ మళ్లీ కొత్తగా రాసుకుని ఇంకోసారి ఇన్‌స్టాల్ చెయ్యి. ఈసారి సంథింగ్ ఎల్స్ ఎంచుకో. పార్టిషన్లు చూపించే పేజీలో అడుగున బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. అక్కడ 320 జీబీ ఉన్న డిస్క్‌ని చూపించు. పేరు కాదు, సైజు చూసి ఎంచుకో.

రెండోది: నువ్వు మొదటి రోజే చెప్పావు, మనమెవ్వరం పట్టించుకోలేదు, నాతో సహా. ఎఫ్1 నొక్కమంటోందన్నావు కదా. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు తీసినప్పుడల్లా తేదీ ఏ పదిహేనేళ్లో వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకోదు. సీఆర్ 2032 అని అడుగు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, అదే ఆ నంబరు. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. వేశాక బయోస్‌లోకి వెళ్లి తేదీ, బూట్ వరస ఒక్కసారి సరిచేసి సేవ్ చెయ్యి.

ఇంకొకటి, డిస్క్ కూడా పాతదే. మింట్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాములో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే లెక్కలు, ఉంటాయి. పెండింగ్ సెక్టర్ల (చదవడానికి మొరాయిస్తున్న చోట్ల) దగ్గర సున్నా కాకుండా ఇంకేదైనా అంకె ఉంటే ముఖ్యమైనవేవీ అందులో దాచుకోవద్దు.

గుంటూరు, పట్టాభిపురం
బ్యాటరీకి నలభై రూపాయలు తీసుకున్నారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, పెన్‌డ్రైవ్ లేకుండానే ఆన్ అయింది. ఎఫ్1 అడగడం లేదు, వెబ్‌సైట్లన్నీ వస్తున్నాయి. పెండింగ్ సెక్టర్లు సున్నా. చాలా థాంక్స్ అన్నా. ఒక్కటి మిగిలింది, తమ్ముడి పాఠాలకి సౌండు రావడం లేదు. దీనికి కూడా డ్రైవర్ ఏమైనా వెయ్యాలా?

విజయవాడ, సత్యనారాయణపురం
స్పీకర్ పిన్ను వెనకాల ఏ రంగు దాంట్లో పెట్టావు?

గుంటూరు, పట్టాభిపురం
గులాబీ రంగుది.

విజయవాడ, సత్యనారాయణపురం
అది మైకుది. ఆకుపచ్చ దాంట్లో పెట్టు.

గుంటూరు, పట్టాభిపురం
వచ్చింది :)