ఆరో తరగతి పిల్లాడి చేతికి రెండో తరగతి కథల పుస్తకం ఇవ్వొచ్చా?

దేవరకొండ_టీచర్: హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆరులోకి వచ్చినవాళ్లలో కొందరు ‘రాష్ట్రం’ దగ్గరే ఆగిపోతారు, ఒక్కో ఒత్తూ కూడబలుక్కుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు, ఇక అర్థమేం తెలుస్తుంది? వాళ్లకు పెద్దక్షరాల బొమ్మల కథలు ఇస్తున్నా. తల్లిదండ్రులు గొడవకొస్తున్నారు.

పాలమూరు_అమ్మ: రారా మరి? మావాడికి అట్లనే అందరి ముందు ఇచ్చారు. అట్ట మీద ‘2వ తరగతి’ అని ఇంత పెద్దగా. ఆ రోజు నుంచి వాడి పేరే ‘రెండో తరగతోడు’ అయింది. ఇప్పుడు పుస్తకం తీయమంటే లేచిపోతాడు.

మిర్యాలగూడ_నాన్న: ఫోన్ గుంజుకోండి, అదే చదువుతాడు.

దేవరకొండ_టీచర్: ఫోన్ గుంజుకుంటే ఒత్తులు రావన్నా. అమ్మా, అట్టకు కాగితం వేస్తే అయిపోయేది. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, నేను ప్రింట్ తీసి లెవెల్ అంకె కనబడకుండా ఇస్తా. ముందు నేను చదువుతా, తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత వాడొక్కడే. చివర్లో ప్రశ్నలు, జవాబులు ఉండవు, ‘నువ్వైతే ఏం చేసేవాడివి’ అంటా, అంతే.

పాలమూరు_అమ్మ: అట్ట సంగతి కాదు మేడం. పరీక్షలో వచ్చేది ఆరో తరగతి సైన్సే కదా.

నాగర్‌కర్నూల్_సార్: రెండూ నడపొచ్చు. సైన్స్ పాఠం ముందు నోటితో చెప్పి, కష్టమైన మాటలు బోర్డు మీద రాసి, అప్పుడు పుస్తకం తెరవండి. 2022 నుంచి మన తెలంగాణ సర్కారు బడి పుస్తకాల్లో ఇంగ్లిష్ పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉంటోంది. ముందు తెలుగు చదివించండి.

దేవరకొండ_టీచర్: ఒక్క పీరియడ్‌లో ఎంతమందికి సార్? ఇంట్లో పావుగంట పక్కన కూర్చోమంటే ఎవరూ పట్టించుకోరు.

పాలమూరు_అమ్మ: పట్టించుకోమా!! వాడు రెండులో ఉండగా పుణెకు పనికి పోయాం. తిరిగొచ్చేసరికి పేరు మూడులో ఉంది, అక్షరాలు మాత్రం అక్కడే ఆగాయి. నేను చదివింది ఐదు, ఆ సైన్స్ నాకే అర్థం కాదు. మీటింగ్‌కు పోయినప్పుడల్లా ‘ఇంట్లో చదివించండి’ అంటారు. ఏ పుస్తకమైనా ఇవ్వండి మేడం, బడిలో వాడి పక్కన ఎవరు కూర్చుంటారో అది చెప్పండి.

దేవరకొండ_టీచర్: మీరు చదివించక్కర్లేదమ్మా, వాడు చదివితే వినండి, కథ మీకు చెప్పమనండి. బడిలో అంటారా, అంతమందికీ నేనొక్కదాన్నే.

నాగర్‌కర్నూల్_సార్: తొమ్మిదో తరగతి పిల్లల్ని జత చేయండి, లంచ్ తర్వాత, వేరే గదిలో.

పాలమూరు_అమ్మ: వింటా, రొట్టెలు చేసుకుంటూ వింటా. వేరే గది మాత్రం తప్పకుండా చూడండి సార్, నవ్వినోళ్లు ఇంకా అదే క్లాసులో ఉన్నారు.